కొత్త సైనికులు అంత గొప్పవాళ్ళైతే టాడ్ చేతిలో ఎలా చచ్చారు? (సోల్జర్, 1998)

రాత్రిషో_రాజు
నిన్న రాత్రి కర్ట్ రస్సెల్ సోల్జర్ మళ్ళీ చూశా. చెత్త పారేసే గ్రహం, ఆ ఈదురుగాలి, యాక్షన్ అన్నీ బాగానే ఉన్నాయి, కానీ ఒక్క విషయం మాత్రం అస్సలు మింగుడు పడట్లేదు. మొదట్లో ఏం చూపించాడు? జన్యువులు మార్చి తయారుచేసిన సైనికుల కొత్త బ్యాచ్ వచ్చింది, బలం, వేగం అన్నిట్లో పాతవాళ్ళ కన్నా ముందున్నారు, కెయిన్ 607 ఒక్కడే ముగ్గురు పాతవాళ్ళతో గొలుసుల మీద కొట్లాడి గెలిచాడు, అందులో ఒకడైన టాడ్ (కర్ట్ రస్సెల్) కిందపడి చచ్చాడనుకుని చెత్తతో పాటు పారేశారు. సరే. మరి రెండో సగంలో అదే టాడ్, 40 ఏళ్ళ మనిషి, ఒక్కడే 17 మందిని ఏరి పారేస్తాడు. కెయిన్‌తో సహా. ఇదేం లెక్క? మొదటి సగం అబద్ధమా, రెండో సగం అబద్ధమా? హీరో కాబట్టి గెలిచాడు అనే జవాబు కాకుండా ఇంకేదైనా ఉంటే చెప్పండి.

చిత్తూరు_చిన్నోడు
హీరో కాబట్టి గెలిచాడు.

రాత్రిషో_రాజు
చాలా థాంక్స్ బ్రో. టాపిక్‌కి తాళం వేసేద్దాం ఇంక.

స్క్రిప్టుపురుగు
రాజూ, ఆ గొలుసుల సీన్ ఇంకోసారి చూడు. టాడ్ ఓడిపోతూ కూడా కెయిన్ కన్ను పీకేశాడు. కొత్తవాడి మీద పాతవాడు గెలవలేడు గానీ చవగ్గా మాత్రం ఓడిపోడు అని అక్కడే చెప్పేశాడు రచయిత. రెండోది, టాడ్‌ని 1996లో పుట్టిన రోజే ఆసుపత్రిలో ఎంచుకున్నారు, కథ నడిచేది 2036లో. ఈ మధ్య కాలమంతా వాడు యుద్ధాల్లోనే ఉన్నాడు. కొత్తవాళ్ళు ల్యాబ్ నుంచి సరాసరి వచ్చారు, ఒక్క యుద్ధం చూడలేదు. అసలు ఆ చెత్త గ్రహం ఆర్కేడియాకి వాళ్ళు వచ్చిందే ప్రాక్టీసు కోసం. అక్కడ ఎవరు కనపడినా శత్రువే అని రూలు పెట్టుకుని దిగారు, బతుకుతున్నది ఓడ కూలి దిక్కులేక ఉండిపోయిన మామూలు జనం. అంటే నిరాయుధుల మీద ప్రాక్టీసు. అలాంటి బ్యాచ్‌కి ఎదురు కాల్చేవాడు తగిలితే ఏమవుతుంది?

నల్లకోటు
ఇది నువ్వు కల్పించిన సినిమా, తెరమీద ఉన్నది కాదు. అనుభవం గెలిచింది అని చెప్పాలంటే ఆ అనుభవం ఏంటో చూపించాలి కదా. చూపించిందేంటి? కొత్తవాళ్ళు షాపులో బొమ్మల్లాగా విడివిడిగా నడుచుకుంటూ వచ్చి ఒక్కొక్కడే చస్తాడు. వాళ్ళ తెలివి తగ్గించి హీరో తెలివి పెంచారు. డైరెక్టర్ పాల్ ఆండర్సన్‌కి సెట్లు వెయ్యడం వచ్చు, గొడవ ఎలా జరుగుతుందో చెప్పడం రాదు.

చిత్తూరు_చిన్నోడు
నేనూ అదే కదా చెప్పింది, రెండే మాటల్లో.

ఓరుగల్లు_పిల్లగాడు
మూడు మాటలు. హీరో, కాబట్టి, గెలిచాడు. టాడ్‌కి నువ్వు కరెక్ట్ డైలాగ్ రైటర్‌వి అన్నా. లెక్కపెట్టినోళ్ళు సినిమా మొత్తంలో ఆయన మాట్లాడింది 104 మాటలే అంటరు. మన హీరోలకైతే బండి దిగి కళ్ళద్దాలు తీసేలోపే అయిపోతయి.

పద్దూ_వైజాగ్
ఆ 104లో సగం "సార్" లే ఉంటాయి. ఆ గ్రహం మీద ఆశ్రయమిచ్చిన శాండ్రాని కూడా సార్ అనే పిలుస్తాడు పాపం. "వాళ్ళనందర్నీ చంపేస్తాను సార్" అన్నప్పుడు మా ఇంట్లో అందరం నవ్వాం, తర్వాత ఎందుకో నవ్వు ఆగిపోయింది. అది గొప్ప కోసం చెప్పిన మాట కాదు కదా, రిపోర్టు ఇచ్చినట్టు చెప్తాడు.

హవల్దార్_రిటైర్డ్
నేను పదాతి దళంలో పనిచేసి నలభై దాటిన కొత్తల్లో బయటికొచ్చాను. మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే సినిమా చూసి రాస్తున్నా.

మీరంతా ఆ గొలుసుల పోటీ పట్టుకుని కూర్చున్నారు. మాకూ అలాంటివి ఉంటాయి, బీపీఈటీ అంటాం. సామాను తగిలించుకుని 5 కిలోమీటర్ల పరుగు, 60 మీటర్ల పరుగు, తాడు పట్టుకుని పైకెక్కడం, అడ్డంగా కట్టిన తాడు మీద పోవడం, 9 అడుగుల గొయ్యి దూకడం. వయసు పెరిగేకొద్దీ టైంలో సడలింపు ఇస్తారు. ట్రైనింగ్ సెంటర్ నుంచి కొత్తగా వచ్చిన 20 ఏళ్ళ కుర్రాడు ఇందులో నాలాంటివాణ్ణి ఎప్పుడైనా ఓడిస్తాడు, ఓడించాలి కూడా. కానీ రాత్రి పెట్రోలింగ్‌కి వెళ్ళినప్పుడు ఆ కుర్రాడు నా వెనకాల నడుస్తాడు. ఏ చప్పుడుకి నేలకి అతుక్కోవాలో, ఏ చప్పుడు పట్టించుకోనక్కర్లేదో, ఎక్కడ ఆగి వినాలో వాడికి ఇంకా తెలీదు. పరీక్షలో దీనికి మార్కుల్లేవు.

ఆ కల్నల్ మీకమ్ చేసిన తప్పు కొత్తవాళ్ళని తేవడం కాదు. వయసు మళ్ళినవాళ్ళని పక్కన పెట్టాల్సిందే, ఎవరం కాదంటాం? తప్పెక్కడంటే, పాతవాళ్ళని ఓడలో ఊడిగం పనులకి పెట్టి, మొత్తం కొత్తవాళ్ళతోనే దళం దింపడం. ఏ పల్టన్‌లో అయినా కొత్త పాత కలిపి పంపుతారు. ప్రతి పది మంది కుర్రాళ్ళకి ఒక హవల్దారో నాయకో ఉండేది అందుకే. ఆ 17 మందిలో "ఒరేయ్ ఆగండి, ఇక్కడేదో తేడాగా ఉంది" అనేవాడు ఒక్కడు కూడా లేడు. మొదటివాడు తిరిగి రానప్పుడే ఆగాలి. వీళ్ళు ఆగలేదు.

కాబట్టి రాజు గారూ, మొదటి సగమూ నిజమే, రెండో సగమూ నిజమే.

రాత్రిషో_రాజు
సార్, నాకు కావాల్సిన జవాబు ఇదే. ఇలా ఎవరూ చెప్పలేదు.

నల్లకోటు
హవల్దార్ గారి మాట బావుంది, ఒప్పుకుంటా, కానీ అది హవల్దార్ గారి అనుభవం, సినిమాది కాదు. ఆ సినిమాలో మీకమ్ అనేవాడు మీసాలు మెలేసే విలన్ టైపు, వాడికి ఈ లోతు ఎక్కడిది. జేసన్ ఐజాక్స్ కాబట్టి ఆ మాత్రమైనా నిలబడింది.

ఓరుగల్లు_పిల్లగాడు
హ్యారీ పోటర్‌ల లూసియస్ మాల్ఫోయ్! నేను సినిమా అంతా ఇతన్ని ఎక్కడ చూసిన అనుకుంటనే ఉన్న. మైఖేల్ చిక్లిస్ కూడా ఉన్నడు, ఫెంటాస్టిక్ ఫోర్‌ల రాతిమనిషి. కోనీ నీల్సన్ రెండేళ్ళ తర్వాత గ్లాడియేటర్ చేసింది. ఇంతమందిని పెట్టుకుని ఎట్ల ముంచిర్రు?

మెయిన్‌ఫ్రేమ్_మావ
ఎట్లా ముంచారో నేను కళ్ళారా చూశా. 1998 అక్టోబర్‌లో రిలీజైంది, అప్పుడు నేను న్యూజెర్సీలో కొత్త. అమీర్‌పేటలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని వై2కే (2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పు చదువుతాయన్న భయం) పని మీద విమానం ఎక్కిన బ్యాచ్ మాది, వీకెండ్‌కి మాల్‌లో సినిమా తప్ప వేరే లోకం లేదు. మొదటి శనివారమే వెళ్ళాం, హాలు బోసిగా ఉంది. 6 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే అమెరికా థియేటర్లలో కోటీ నలభై ఆరు లక్షలు వచ్చాయి, అంటే పెట్టినదాంట్లో పావు వంతు కూడా రాలేదు. కర్ట్ రస్సెల్ పోస్టర్ చూసి వచ్చినవాళ్ళు ఆయన మాట్లాడతాడు, వెటకారం చేస్తాడు అనుకుని వచ్చారు. ఆయనేమో గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. నా పక్క సీటాయన అరగంటకే లేచి పోయాడు.

నాకు మాత్రం నచ్చింది. అప్పట్లో ఎందుకు నచ్చిందో తెలీదు గానీ 2000 జనవరి గడిచాక తెలిసింది లెండి. ప్రళయం రాలేదు, మా కాంట్రాక్టులు అయిపోయాయి. "మీ స్కిల్ ఇక అవసరం లేదు" అని మర్యాదగా చెప్పిన మేనేజర్ మొహంలో మీకమే కనిపించాడు.

చిత్తూరు_చిన్నోడు
మావా, మిమ్మల్ని కూడా చెత్త గ్రహం మీద పడేశారా?

మెయిన్‌ఫ్రేమ్_మావ
దాదాపు అంతే, ఒహాయోలో పడేశారు. కానీ కథ అక్కడితో అయిపోలేదు. 2020 ఏప్రిల్‌లో కరోనా టైంలో నిరుద్యోగ భృతి కోసం జనం ఎగబడితే న్యూజెర్సీ సిస్టమ్ ఆ బరువు మోయలేకపోయింది. అప్పుడు గవర్నర్ ఫిల్ మర్ఫీ ప్రెస్ మీట్‌లోనే, కోబాల్ తెలిసినవాళ్ళు వాలంటీర్లుగా కావాలని అడిగాడు. మేం పనికిరానివాళ్ళమని తేల్చేసి ఇరవై ఏళ్ళు. ఆ ప్రెస్ మీట్ చూస్తున్నప్పుడు నా నోటికి వచ్చింది టాడ్ డైలాగే, మరీ బయటికి అనలేదు.

బయాలజీ_టీచరమ్మ
యుద్ధం సంగతి హవల్దార్ గారు చెప్పారు, జన్యువుల సంగతి నేను చెప్తా, ఎందుకంటే రాజు గారు "జన్యువులు మార్చారు కాబట్టి అన్నిట్లో గొప్ప" అని ఖాయం చేసేసుకున్నారు. కండలు పెరగకుండా అదుపు చేసే మయోస్టాటిన్ అనే ప్రొటీన్ ఒకటి ఉంది. అది పనిచెయ్యకపోతే కండ విపరీతంగా పెరుగుతుంది, బెల్జియన్ బ్లూ పశువులు అలాంటివే. విప్పెట్ అనే పరుగుపందేల కుక్క జాతిలో 2007లో దీన్ని పరిశీలించారు. ఆ జన్యువులో మార్పు ఒక కాపీలో మాత్రమే ఉన్న కుక్కలు మిగతావాటి కన్నా వేగంగా పరిగెత్తేవిగా తేలాయి. రెండు కాపీల్లోనూ మార్పున్న కుక్కలు పహిల్వాన్లలా ఉబ్బిపోయాయి, పందెం కుక్కల్లా మాత్రం లేవు. చూడటానికి భయంకరంగా ఉంటాయి. కెయిన్ నాకు ఆ రెండో రకంలా కనిపించాడు.

ఇంకా పెద్ద చిక్కేంటంటే, ధైర్యం, ఓర్పు, సమయానికి తెలివిగా ఆలోచించడం లాంటివి ఒక్క జన్యువు తిప్పితే వచ్చేవి కావు. ఎత్తు లాంటి సాదా లక్షణానికే వందల చోట్ల తేడాలు కలిసి పనిచేస్తాయి. పైగా పెంపకం. ఈ సినిమాలో తమాషా ఏంటంటే, పాతవాళ్ళది అంతా పెంపకమే, జన్యువులు మామూలువి. కొత్తవాళ్ళది అంతా జన్యువులే. రెండింటినీ ఎవడూ కలపలేదు.

స్క్రిప్టుపురుగు
టీచరమ్మా, ఇంకో కాకతాళీయం చూడండి. టాడ్ పుట్టిన 1996లోనే డాలీ గొర్రె పుట్టింది, 1997 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది. సినిమా వచ్చేనాటికి క్లోనింగ్ భయం పేపర్ల నిండా ఉంది. కథ మాత్రం అంతకు చాలా ముందే రాసి పెట్టుకున్నది, ఏళ్ళ తరబడి బీరువాలో పడి ఉంది.

రాసింది డేవిడ్ పీపుల్స్, బ్లేడ్ రన్నర్ స్క్రీన్‌ప్లేలో పాలుపంచుకున్న మనిషి. రెండు కథలూ ఒకే లోకంలో జరుగుతాయని ఆయన ఉద్దేశం. టాడ్ చేసిన యుద్ధాల జాబితాలో టాన్‌హాయిజర్ గేట్, ఓరియన్ పేర్లు కనిపిస్తాయి. బ్లేడ్ రన్నర్‌లో రాయ్ బాటీ అనే రెప్లికెంట్ (తయారుచేసిన కృత్రిమ మనిషి) చనిపోయే ముందు వర్షంలో చెప్పే చోట్లు అవే. ఆర్కేడియా చెత్తలో ఆ సినిమాలోని ఎగిరే కారు కూడా ఒకటి పడి ఉంటుంది, వెతకండి. అమెరికా నేవీ విమానవాహక నౌక కూడా ఒకటి అక్కడ పడేసి ఉంటుంది.

ఓరుగల్లు_పిల్లగాడు
అయితే టాడ్ కూడా రెప్లికెంటేనా?

స్క్రిప్టుపురుగు
కాదు, కథంతా ఆ తేడా మీదే నడుస్తుంది. రెప్లికెంట్ తయారుచేసిన బొమ్మ, మనిషిలా బతకాలనుకుంటుంది. టాడ్ తల్లికి పుట్టిన మనిషి, వాణ్ణి పట్టుకొచ్చి పనిముట్టులా వాడారు. రాయ్ బాటీకి నాలుగేళ్ళ ఆయుష్షు ఇచ్చి వదిలారు, టాడ్‌కి కొత్త మోడల్ వచ్చేదాకా.

చిత్తూరు_చిన్నోడు
నాలుగేళ్ళు అంటే అగ్నివీరే కదా.

ఓరుగల్లు_పిల్లగాడు
😂😂

మెయిన్‌ఫ్రేమ్_మావ
చిన్నోడు ఈసారి ఒక్క లైనుతో కొట్టాడు.

మోడరేటర్
అగ్నిపథ్ మీద రాజకీయాలు మొదలుపెడితే తీసేస్తాను. సినిమాకి సంబంధం ఉన్నంతవరకు ఓకే.

హవల్దార్_రిటైర్డ్
రాజకీయం కాదు, లెక్క చెప్తాను. మా రోజుల్లో జవానుకి పెన్షన్ రావాలంటే కనీసం 15 ఏళ్ళ సర్వీసు ఉండాలి. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో నాలుగేళ్ళు, ఆ తర్వాత 25 శాతం మందికి మించి ఉంచరు, మిగతావాళ్ళకి సేవానిధి కింద సుమారు 11.71 లక్షలు ఇచ్చి పంపుతారు, పెన్షన్ ఉండదు. దళం వయసు తగ్గాలన్నది ప్రభుత్వం చెప్పే కారణం, అందులోనూ న్యాయం ఉంది, కొండలెక్కడానికి నలభై ఏళ్ళవాడి కన్నా పాతికేళ్ళవాడు మేలు. నా అనుమానం ఒక్కటే, నేను పైన చెప్పిన కొత్త పాత పాళ్ళు ఎలా ఉంటాయన్నది. ఇంతకు మించి చెప్పను.

సినిమాలో నన్ను ఆపేసింది వేరే సీను. శాండ్రా అడుగుతుంది, సైనికుడిగా ఉండటం ఎలా ఉంటుంది, లోపల ఏమనిపిస్తుంది అని. భయం, క్రమశిక్షణ అంటాడు టాడ్. ఇప్పుడు కూడానా అంటే, ఎప్పుడూ అంటాడు. ఇది రాసినవాడు ఎవరో గానీ ఏ సైనికుడి దగ్గరో కూర్చుని విన్నాడు. భయం లేదనేవాడి పక్కన డ్యూటీ చెయ్యడానికి నేను ఎప్పుడూ ఇష్టపడలేదు. ఆ కొత్తవాళ్ళ మొహంలో అది కనపడదు. టాడ్ దాక్కుంటాడు, వెనక్కి పోతాడు, నీళ్ళలోంచి వస్తాడు, అవన్నీ భయం నేర్పిన పనులే.

పద్దూ_వైజాగ్
హవల్దార్ గారూ, ఆ సీను నాకూ నచ్చింది. కానీ శాండ్రా విషయంలో నాకు కోపం ఉంది. ఆ అమ్మాయికి మొగుడున్నాడు, మేస్, మంచివాడు, టాడ్‌ని ఇంట్లో పెట్టుకున్నవాడే. టాడ్‌కీ శాండ్రాకీ మధ్య ఏదో చూపులు మొదలుపెట్టి, తర్వాత ఏం చెయ్యాలో తెలీక మేస్‌ని చంపేశారు. అదీ టాడ్‌ని వెనక్కి పిలవడానికి వెళ్ళినప్పుడు. దారి సాఫు చేసుకోవడానికి ఇంత సుళువైన పద్ధతి ఇంకోటి లేదు.

నల్లకోటు
పద్దూ గారి మాటకి వంద మార్కులు. గ్రామంలోకి అపరిచితుడు వస్తాడు, ఒక భార్యాభర్తల ఇంట్లో ఉంటాడు, వాళ్ళ పిల్లవాడు వాణ్ణి ఆరాధిస్తాడు, గూండాలు వస్తే వాడు చంపుతాడు. ఇది పాత వెస్టర్న్ కథ. పీపుల్స్ అన్‌ఫర్‌గివెన్ రాసినవాడే కదా, అందులో ముసలి తుపాకీవీరుడు మళ్ళీ తుపాకీ పట్టుకుంటే ఎంత ఖరీదు కట్టాల్సి వచ్చిందో చూపించాడు. ఇక్కడ ఆ ఖరీదంతా మేస్ ఖాతాలో రాసేశారు, టాడ్ చేతికి ఏమీ అంటలేదు.

స్క్రిప్టుపురుగు
అంటలేదని ఎలా అంటావ్? ఊరివాళ్ళు వాణ్ణి వెలేశారు. జిమ్మీ పిగ్ అనే ఊరివాడు స్కార్ఫ్ ఇవ్వడానికి వెనకనుంచి వస్తే శత్రువనుకుని దాదాపు పీక పిసికేశాడు. వాళ్ళ భయం న్యాయమైనదే. బయటికి గెంటేశాక ఒంటరిగా కూర్చుంటే కళ్ళమ్మట నీళ్ళొస్తాయి, అదేంటో తెలీక వేలితో తుడిచి చూసుకుంటాడు. రస్సెల్ ఆ ఒక్క సీనుకే చాలు.

మెయిన్‌ఫ్రేమ్_మావ
ఆ సీనుకి నాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి ఇప్పటికీ.

పద్దూ_వైజాగ్
పాము విషయం ఎవరూ ఎత్తలేదేం? శాండ్రా కొడుకు నేథన్‌కి పసితనంలో పాము కరిచింది, అప్పట్నుంచీ మాట లేదు. టాడ్ వాడికి పాముని ఎదుర్కోవడం నేర్పిస్తాడు, తల్లిదండ్రులు హడలిపోయి ఆపేస్తారు. తర్వాత రాత్రి అమ్మానాన్నల మంచం మీదకి పాము వస్తే వాడే బూటుతో కొట్టి చంపుతాడు. టాడ్ చేసింది కరెక్ట్ అని సినిమా తేల్చేసింది. నాకైతే అంత తేలిగ్గా తేలదు. పిల్లల్ని భయపెట్టి గట్టిపరచడం, టాడ్‌ని తయారుచేసినవాళ్ళు చేసిందీ అదే కదా? పసిపిల్లల్ని వరసగా కూర్చోబెట్టి కుక్కలు అడవిపందిని చీల్చడం చూపించారు, పరుగులో వెనకబడినవాణ్ణి కాల్చి పారేశారు.

బయాలజీ_టీచరమ్మ
తేడా ఉంది పద్దూ. టాడ్ పక్కన ఉన్నాడు. పిల్లవాడు పారిపోతే శిక్ష లేదు. నా క్లాసులో బల్లి భయం ఉన్న పిల్లలకి కూడా మెల్లగా దగ్గరికి తెస్తేనే పోయింది, మీద వేస్తే పోలేదు. కాకపోతే పాముతో మొదలుపెట్టడం నేను ఒప్పుకోను.

చిత్తూరు_చిన్నోడు
టీచరమ్మ క్లాసు బల్లి వాట్సాప్ గ్రూపులో ఉంటే మెసేజ్ పెట్టమనండి, దాని వైపు వాదన కూడా విందాం.

ఓరుగల్లు_పిల్లగాడు
ఇంకో ముచ్చట చెప్త, మీకు ఎవ్వరికీ తట్టలే. చిన్నప్పటి టాడ్‌గా కనిపించే పిలగాడు కర్ట్ రస్సెల్ సొంత కొడుకు వయాట్ రస్సెల్. అదే వయాట్ 2021ల మార్వెల్ సిరీస్‌ల జాన్ వాకర్‌గా వచ్చిండు, అంటే పాత కెప్టెన్ అమెరికా జాగల సర్కారు తెచ్చిపెట్టిన కొత్త సైనికుడు! అయ్యేమో పాత మోడల్, కొడుకేమో కొత్త మోడల్. జనం వాణ్ణి తిట్టిన తిట్లు అన్నీ ఇన్నీ కావు.

రాత్రిషో_రాజు
వామ్మో, ఇది మాత్రం నాకు తెలీదు. ఈ టాపిక్ పెట్టినందుకు ఇదొక్కటి చాలు.

నల్లకోటు
సరే నేను ఒక్కటి ఒప్పుకుంటా. ఓడలో ఉన్న పాత సైనికుల ఘట్టం బావుంటుంది. మీకమ్ భయపడిపోయి, కింద పెద్ద సైన్యం ఉందనుకుని గ్రహాన్నే పేల్చేయమంటాడు, అడ్డొచ్చిన కెప్టెన్ చర్చ్ అనేవాణ్ణి తుపాకీతో కాల్చేస్తాడు. టాడ్ ఓడలోకి వచ్చాక పాతవాళ్ళు ఒక్క మాట మాట్లాడరు, ఉపన్యాసాల్లేవు, అటు నిలబడ్డవాళ్ళు ఇటు వచ్చి నిలబడతారు. మీకమ్‌ని కిందకి దింపేసి తలుపు మూసేస్తారు. ఇన్నేళ్ళ క్రమశిక్షణ ఎవరిదో ఆ నిమిషంలో తెలుస్తుంది. సినిమా అంతా ఇలా తీసి ఉంటే ఈ గొడవే లేదు.

హవల్దార్_రిటైర్డ్
అది మాత్రం సినిమా కోసం రాసుకున్నారు బాబూ. నిజంగా అయితే అలా జరగదు, జరగకూడదు. పై అధికారి ఎంత చెడ్డవాడైనా దళం అలా తిరగబడటం మొదలుపెడితే ఇక అది దళం కాదు.

నల్లకోటు
అయితే చర్చ్‌ని కళ్ళముందే కాల్చేశాక కూడా సెల్యూట్ చెయ్యాలా సార్?

హవల్దార్_రిటైర్డ్
కాల్చాక వాడు అధికారి కాదు, హంతకుడు. అందుకే వాళ్ళూ అంతదాకా ఆగారు చూడండి. ఊడిగం చేయించినప్పుడు కిక్కురుమనలేదు, తిట్టినప్పుడు అనలేదు.

తొంభైల చివర్లో మాకు ఎస్ఎల్ఆర్ రైఫిల్ తీసేసి ఇన్సాస్ రైఫిల్ ఇచ్చినప్పుడు పాతవాళ్ళం చాలామందిమి సణిగాం. ఎస్ఎల్ఆర్ తూటా 7.62 మిల్లీమీటర్లు, తగిలితే మనిషి లేవడు. ఇన్సాస్ 5.56, తేలిక, ఎక్కువ తూటాలు మోసుకోవచ్చు. సణుగుతూనే నేర్చుకున్నాం, కుర్రాళ్ళకి మేమే నేర్పాం. ఇప్పుడు ఇన్సాస్ కూడా పాతబడిపోయి ఏకే-203 వస్తోంది. వస్తువు మారిపోతుంది, దాన్ని చేతికిచ్చే మనిషి ఉండాలి. ఆ చర్చ్ అనే కెప్టెన్ పాతవాళ్ళ చేత కొత్తవాళ్ళకి నేర్పిస్తానని అడిగి ఉంటే మీకమ్ ఒప్పుకునేవాడా అని ఆలోచించాను. ఒప్పుకోడు. వాడికి కావాల్సింది గెలవడం కాదు, తను తెచ్చినవాళ్ళే గెలవడం.

మెయిన్‌ఫ్రేమ్_మావ
ఈ ఒక్క లైను నా పాత ఆఫీసు గోడ మీద రాయించాలి.

పద్దూ_వైజాగ్
మా వాడికి పన్నెండేళ్ళు, ఇదంతా వెనకనుంచి చదివేసి సినిమా పెట్టమని గొడవ చేస్తున్నాడు. చూపించొచ్చా?

స్క్రిప్టుపురుగు
అమెరికాలో ఆర్ రేటింగ్ ఇచ్చారు. వద్దండి, ఆ మొదటి పది నిమిషాలు పెద్దవాళ్ళకే కష్టం.

బయాలజీ_టీచరమ్మ
పదిహేను దాటాక చూపించు, పక్కన కూర్చుని.

చిత్తూరు_చిన్నోడు
వాడు చెప్పులు తొడుక్కుని మంచం మీద పాముల కోసం వెతక్కుండా ఉంటే ఇప్పుడే చూపించొచ్చు.

పద్దూ_వైజాగ్
ఇప్పటికే బూటు పట్టుకుని తిరుగుతున్నాడు. పదిహేను దాకా ఆపుతా.